లోపలి నుంచి తెరుచుకోని తలుపు

ముందు ఆ వెనక తలుపు సంగతి రాయి అమ్మలూ. జీపు గురించి మీ తాతయ్య చెప్పినవన్నీ ఇప్పటికే నీ నోటుబుక్కులోకి ఎక్కాయి. వానల్లో నల్లరేగట్లో ట్రాక్టరు దిగబడితే ఆ జీపుకు కట్టి బయటికి లాగిన కథ, వాగు పారుతుంటే పక్కనున్న చిన్న గేరు వేసి నాలుగు చక్రాలతో అవతలి గట్టెక్కిన కథ, పొదిలి దాకా పోయి పత్తి తీసే కూలీలను తెచ్చిన కథ. అవన్నీ నిజమే, నేను కాదనను. కాకపోతే అవన్నీ ముందు సీటు కథలు. ఆ బండి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను వెనక కూర్చున్నదాన్ని. వెనక కూర్చున్నవాళ్ళ కథ ఆయన చెప్పడు. ఆయనకు తెలియదు కూడా.

నీకు ఊహ తెలిసేసరికే ఆ బండి పోయింది కాబట్టి ఎలా ఉండేదో చెబుతాను. మీ నాన్న కాలేజీలో చేరిన ఏడాది, తొంభైల చివర్లో, ఏదో సర్కారు ఆఫీసు వాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తుంటే మీ తాతయ్య, మా మరిది కలిసి దాన్ని తెచ్చారు. పైన గుడ్డ కాదు, మొత్తం రేకు. ముందు రెండు సీట్లు. ఆ సీట్ల వెనక కింది నుంచి పైదాకా ఇనప జాలీ. ఆ ఆఫీసు వాళ్ళు వెనక ఏం తీసుకెళ్ళేవారో, జాలీ ఎందుకు పెట్టించారో మాకు తెలియదు. జాలీకి ఇవతల ఎదురెదురుగా రెండు బల్లలు. రెండు పక్కలా చిన్న అద్దాలు. ఒకటి అసలు కదలదు, రెండోది జానెడు జరుగుతుంది. వెనక ఒకే ఒక్క తలుపు, దానికి బయటివైపు స్టెప్నీ చక్రం బిగించి ఉండేది. వెనక ఎక్కినవాళ్ళు దిగాలంటే ఆ తలుపు ఒక్కటే దారి.

ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. ఎవరూ కూర్చుని పెట్టిన పద్ధతి కాదు అది. బండి ఇంటికి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి అందరం ఎక్కినప్పుడు అలా కుదిరింది, ఇక అలాగే ఉండిపోయింది. మీ తాతయ్య నడిపేవాడు, పక్కన మరిది. మరిది రాని రోజు ఆ సీటు ఖాళీగా ఉంటుందనుకుంటున్నావా? ఊరి చివర చెయ్యెత్తిన వాడెవడైనా సరే, మగమనిషైతే ముందు ఎక్కేవాడు. మా అత్తగారు డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. ఆవిడ కన్నకొడుకులు ఇద్దరూ ముందు మెత్తటి సీట్లలో, ఆవిడ వెనక చెక్కబల్ల మీద. నేనూ మా తోడికోడలూ చెరో పక్కన పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇది కొట్టేయకు, ఇలాగే ఉంచు.

మొదటి ఏడాది తలుపు బాగానే ఉంది. లోపలి హ్యాండిలు కిందికి నొక్కితే తెరుచుకునేది. రెండో ఏడాది నుంచి మొరాయించడం మొదలుపెట్టింది. ముందు గట్టిగా నొక్కాల్సి వచ్చింది, తర్వాత రెండు చేతులతో నొక్కాల్సి వచ్చింది, ఒకరోజు హ్యాండిలు ఉన్నట్టుండి తేలికైపోయింది. ఎంత తేలికంటే చిటికెన వేలితో పైకీ కిందికీ ఆడేది, తలుపు మాత్రం కదలదు. బయట నుంచి తియ్యాలన్నా దానికో వాటం ఉండేది. హ్యాండిలు పైకెత్తి పట్టుకుని, స్టెప్నీ కింద మోకాలితో ఒక్క పోటు పొడవాలి. ఆ వాటం మీ తాతయ్యకు తెలుసు, కొంత మరిదికి తెలుసు. అదేదో విద్య అయినట్టు నలుగురిలో ఆ పోటు పొడిచి, తలుపు ఊడి రాగానే చేతులు దులుపుకునేవాడు మీ తాతయ్య.

బాగు చేయించమని నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఆయన సమాధానం ఒక్కటే.

“మేం వచ్చి తీస్తాంగా. మీరు లోపల్నుంచి తీసుకుని యాడికి పోవాలి?”

చూడు ఆ మాట. నేను ఎక్కడికో పారిపోతానన్నట్టు. ఆ రెండు మూడేళ్ళలో ఇంజను రెండుసార్లు విప్పించారు. టైర్లు మార్పించారు. హారను సరిగా మోగడం లేదని గుంటూరు పోయి కొత్త హారను తెచ్చి బిగించారు, ఊళ్ళో ఉన్న గేదెలన్నీ బెదిరేలా. ముందు సీట్లకు రెక్సిను వేయించారు. తలుపు గొళ్ళెం దాకా వచ్చేసరికి మాత్రం తీరిక దొరకలేదు.

ఏమీ చేయలేదని కూడా అనలేను, చేసింది ఇంకా దారుణం కాబట్టి. తలుపు బిగిసినప్పుడల్లా “ఏమే, కాస్త ఆముదం తీసుకురా” అనేవాడు. వాళ్ళ నాన్న ఎడ్లబండి ఇరుసుకు ఆముదమే పోసేవాడట. కిర్రుమన్న ప్రతిదానికీ ఆముదమే మందని ఆ ఇంట్లో పుట్టినవాళ్ళందరి నమ్మకం. ఇంటి తలుపు బందులకు, బావి గిలకకు, కడకు మీ నాన్న సైకిలుకు కూడా. నేనే గిన్నెతో తెచ్చి ఇచ్చేదాన్ని. ఆయన గొళ్ళెం కన్నంలో ధారగా పోసేవాడు. రెండు రోజులు మెత్తగా ఉండేది, తర్వాత ముందుకంటే గట్టిగా పట్టేసేది. మళ్ళీ ఆముదం. ఈ ఆముదం సంగతి మళ్ళీ వస్తుంది.

ఒకసారి పెళ్ళికి పోయాం. బండి ఆగగానే పెళ్ళివారు ఎదురొచ్చి మగవాళ్ళిద్దరికీ మర్యాదలు చేసి పందిట్లోకి తీసుకుపోయారు. మమ్మల్ని ఎవరూ దించలేదు. పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, ఆ జాలీలోంచి పందిరి వైపు చూస్తూ కూర్చున్నాం. దారిన పోయే పిల్లలు మమ్మల్ని చూసి నవ్వారు. “అక్కా, ఇంకాసేపుంటే టికెట్ పెట్టి చూపిస్తారు మనల్ని” అన్నది మా తోడికోడలు. నవ్వొచ్చింది ఆ పూటకి. మీ తాతయ్యకు టిఫిను తిని చెయ్యి కడుక్కునేటప్పుడు గుర్తొచ్చామట. నేను ఆ నవ్వుతోనే సరిపెట్టుకుని ఊరుకున్నాను, అదీ నా తప్పే.

ఇక అసలు జరిగింది చెబుతాను.

మా అత్తగారికి శుక్లాలు వచ్చాయి. ఒక కన్ను అసలు కనపడదు, రెండోదాంట్లో మసక. గుంటూరులో ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. మర్నాడు పొద్దున కట్టు విప్పి, చుక్కల మందు వేసి, నల్లకళ్ళజోడు పెట్టి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. డాక్టరమ్మ నాకు నాలుగుసార్లు చెప్పింది. దుమ్ము తగలకూడదు, కన్ను నలపకూడదు, గట్టిగా దగ్గకూడదు, తుమ్మకూడదు. వారం తిరక్కుండా శుక్రవారం మళ్ళీ తీసుకురావాలి, అది మాత్రం తప్పించవద్దు, కుట్టు సంగతి అప్పుడు చూడాలి అన్నది. నేను తలూపి అన్నీ మనసులో పెట్టుకున్నాను. మగవాళ్ళు బయట టీ తాగుతున్నారు.

అది మిరపకాయల కాలం. తిరుగుదారిలో మీ తాతయ్య బండిని తిన్నగా మిర్చి యార్డుకు తిప్పాడు. ముందురోజు వచ్చేటప్పుడు రెండు సంచులు శాంపిల్‌కని మా కాళ్ళ దగ్గరే పడేశారు, అవి కమీషన్ వ్యాపారికి చూపించాలట. నేను జాలీలోంచి చెప్పాను, అత్తయ్యను ఇంటి దగ్గర దించాక మళ్ళీ రండి అని. “ఇంత దూరం వచ్చి మళ్ళీ రావడమేందే? అయిదు నిమిషాలు. మీరు దిగొద్దు, లోపల కూర్చుంటే గాలి తగలదు” అన్నాడు. సంచులు రెండూ దించుకున్నారు, తలుపు దభీమని మూసి ఇద్దరూ లోపలికి పోయారు.

యార్డులో సీజనులో గాలి ఎలా ఉంటుందో నీకు తెలియదు. బస్తాలు ఎత్తి పడేస్తుంటే, కాయలు కుప్ప పోస్తుంటే ఆ ఘాటు కంటికి కనపడకుండా లేస్తుంది. అలవాటైన హమాలీలే మూతికి తువ్వాలు చుట్టుకుని తిరుగుతారు. సంచులు దించినా మా కాళ్ళ కింద గింజలూ పొడీ అలాగే ఉన్నాయి. అద్దం మూస్తే రేకు వేడికి ఊపిరాడదు, తీస్తే ఘాటు లోపలికి వస్తుంది. ముందు మా తోడికోడలికి దగ్గు తెర వచ్చింది. తర్వాత నాకు. మా అత్తగారు పళ్ళు బిగబట్టి కూర్చుంది. దగ్గు వస్తుంటే మింగుతోంది. మింగినకొద్దీ ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. నేను చెంబులో నీళ్ళతో కొంగు తడిపి ఆవిడ ముఖం మొత్తం కప్పి రెండు చేతులతో అంచులు ఒత్తిపట్టుకున్నాను, కంటి మీద బరువు పడకుండా. మా తోడికోడలు హ్యాండిలు పట్టుకుని ఆడిస్తోంది. అది టకటకమని ఊరికే ఆడుతోంది.

బయట ఒక హమాలీ పోతుంటే అద్దంలోంచి పిలిచాం. పాపం వచ్చాడు. హ్యాండిలు లాగాడు, రాలేదు. రెండు చేతులతో ఊపాడు, బండంతా ఊగింది కానీ తలుపు రాలేదు.

“లోపల్నుంచి తియ్యండమ్మా” అన్నాడు.

“అది వచ్చేదైతే నిన్నెందుకు పిలుస్తానయ్యా” అన్నాను.

ముందు తలుపు తీశాడు. తీసి ఏం లాభం, మధ్యలో జాలీ. దాన్ని చూసి నిలబడిపోయాడు. “ఇదేం బండమ్మా, మనుషులకా పశువులకా” అని అడిగాడు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. మగవాళ్ళను వెతుకుతానని పోయాడు. అంత పెద్ద యార్డులో ఎక్కడని వెతుకుతాడు.

అయిదు నిమిషాలన్నవాళ్ళు గంట దాటాక వచ్చారు. వ్యాపారి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడట. మీ తాతయ్య వచ్చి, హ్యాండిలు పైకెత్తి, మోకాలితో ఒక్క పోటు పొడిచి తలుపు తీసి, “అదిగో, వచ్చాంగా” అన్నాడు. అప్పటికి మా అత్తగారు ముడుచుకుని నా ఒళ్ళో పడి ఉంది. కొంగు తీసి చూస్తే ఆపరేషన్ చేసిన కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది. ఆయన ముఖం ఒక్క క్షణం పాలిపోయింది, అది నేను చూశాను. కానీ మగవాడు కదా, నోటి నుంచి వచ్చిన మాట వేరు.

“ఇంత ఘాటుకేనా? పుట్టినప్పట్నుంచీ మిరపకాయల్లోనే ఉన్నదిగా అమ్మ.”

మళ్ళీ ఆస్పత్రికే పోయాం. డాక్టరమ్మ నన్ను తిట్టింది. నన్నే, అక్కడ అత్తయ్య వెనక నిలబడింది నేను కాబట్టి. కన్ను పోలేదు కానీ ఇంకోసారి ఇలా జరిగితే తన పూచీ లేదని చెప్పింది. శుక్రవారం రావడం ఇంకా ముఖ్యమన్నది.

ఇంటికి వచ్చాక మంచం మీద పడుకుని మా అత్తగారు ఒకే మాట అన్నది. “నేను మళ్ళీ ఆ బోనులో ఎక్కను. కన్ను పోతే పోనీ.” మొండి మనిషి. అన్నదంటే అన్నదే. బస్సులో తీసుకెళ్దామంటే మా ఊరి మట్టిరోడ్డు మీద, కిటికీలన్నీ తెరిచి ఉండే బస్సులో, ఆ దుమ్ములో ఎలా? కారు పిలిపిద్దామంటే ఇంట్లో జీపు పెట్టుకుని అద్దె కారేమిటని మీ తాతయ్య పిలవనివ్వలేదు. అంటే శుక్రవారం నాటికి ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. లేకపోతే ఆవిడ ఎక్కదు. ఎక్కకపోతే ఆ కన్ను ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

అన్నం వడ్డించేటప్పుడు అడిగాను. మెకానిక్కును పిలిపించండి అన్నాను. సీజను అయ్యాక చూద్దామన్నాడు. “నేనే దగ్గరుండి తీస్తాలే ఈసారి, యాడికీ పోను” అన్నాడు. మరిది నవ్వుతూ, “అంత అర్జెంటైతే వదినకు స్పానరివ్వు అన్నయ్యా, పొన్నూరోళ్ళు ఏదైనా చేస్తారు” అన్నాడు. మా పుట్టిల్లు పొన్నూరు పక్కన. వరి పండించుకునే వాళ్ళం, మిరప ఘాటు తెలియని వాళ్ళమని పెళ్ళైన రోజు నుంచీ ఈ ఇంట్లో నాకు ఆ ఎత్తిపొడుపు ఉంది. ఆ రోజు మాత్రం ఆ మాట నాకు పనికొచ్చింది. స్పానరు జీపులోనే ఉందని గుర్తుచేసింది.

మర్నాడు మగవాళ్ళు చేనికి ట్రాక్టరు మీద పోయారు. జీపు కల్లం పక్కన నిలబడి ఉంది. కాయలు ఎండబోసి ఉన్నాయి. నేను నా కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూ డ్రైవరు, నూనె డబ్బా తీసుకున్నాను. ఆ మిషనును ఇరవై ఏళ్ళుగా నేనే విప్పి, నేనే శుభ్రం చేసి, నేనే బిగిస్తున్నాను. ఇనుములో దారాలూ నూగూ చేరితే ఏమవుతుందో నాకు తెలుసు. సంచులు కుట్టే దబ్బనం, కిరసనాయిలు గిన్నె, పాత చీరముక్కలు తెచ్చుకున్నాం. మా అత్తగారు నల్లకళ్ళజోడు పెట్టుకుని వరండాలో మంచం మీద కూర్చుంది. కనపడదు కానీ ప్రతి చప్పుడుకూ అజమాయిషీ.

మొదటి కష్టం తలుపు తియ్యడమే. నేను హ్యాండిలు ఎత్తి పట్టుకున్నాను, మా తోడికోడలు చీర ఎగ్గట్టి మోకాలితో పొడిచింది. రాలేదు. మళ్ళీ పొడిచింది.

“ఏందా చప్పుడు?” అన్నది మా అత్తగారు.

“తలుపు తంతన్నాం అత్తయ్యా.”

“గట్టిగా తన్నండి. మీ ఇద్దరి మొగుళ్ళనూ తలుచుకుని తన్నండి.”

ఆ తన్నుకు వచ్చింది. మా తోడికోడలి మోకాలు చిట్లిపోయింది, అది వేరే సంగతి.

తలుపు తెరిచాక నాకు ఒకటి కనపడింది. మూస్తున్నప్పుడు తలుపు కాస్త ఎత్తి పడితేనే గొళ్ళెం సరిగ్గా కూర్చుంటోంది, వదిలితే అంగుళం కిందికి జారుతోంది. ఎందుకు జారుతోంది? స్టెప్నీ. అంత బరువు చక్రం ఏళ్ళ తరబడి ఆ ఒక్క తలుపుకు వేలాడితే బందులు కుంగిపోవా? మీ తాతయ్య గొప్పగా పొడిచే ఆ మోకాలి పోటు ఏం చేస్తోందనుకున్నావు? కుంగిన తలుపును ఆ ఒక్క క్షణం పైకి లేపుతోంది, అంతే. చక్రం తీసి పక్కన పెడితే ఏ మోకాలూ అక్కర్లేదు. ఇద్దరం స్పానరు మీద నిలబడి నట్లు వదులు చేసి, ఆ చక్రాన్ని కిందికి దించాం. దించామంటే పడేశాం. దొర్లుకుంటూ పోయి ఎండబోసిన కాయల్లో పడింది. తలుపు చెయ్యి పెట్టకుండానే లేచి నిలబడ్డట్టయింది.

తర్వాత లోపలివైపు రేకు మూత. ఆరు స్క్రూలు. అయిదు వచ్చాయి, ఆరోది తుప్పు పట్టి రాలేదు. దాన్ని అలాగే ఉంచి మూతను పక్కకి తిప్పాను. గొళ్ళెం ఉండాల్సిన చోట గొళ్ళెమే కనపడలేదు. నల్లగా, గట్టిగా, అట్టలా ఒక ముద్ద. ఆముదం అమ్మలూ. అన్నేళ్ళు పోసిన ఆముదం చిక్కబడి జిగురైపోయింది. ఆ జిగురుకు ఆ బండిలో మోసిన పత్తి నూగంతా అంటుకుంది, దానిమీద మిరప పొడి, గింజలు, మళ్ళీ ఆముదం, మళ్ళీ నూగు. పొరలు పొరలుగా పేరుకుపోయింది. బండి ఇరుసు గాలికీ నీళ్ళకీ బయట తిరుగుతుంది, దానికి ఆముదం పనిచేస్తుంది. మూసి ఉన్న పెట్టెలో, పత్తీ మిరపకాయలూ మోసే బండిలో పోస్తే ఇలా కాక ఎలా అవుతుంది? ఈ ముక్క ఆ ఇంట్లో ఒక్క మగవాడికైనా తట్టలేదు. మూత విప్పి చూసినవాడు లేడు మరి.

దబ్బనంతో పొడిచి పొడిచి తీస్తున్నాను. ముద్ద పగిలినప్పుడల్లా లోపలి ఘాటు లేచి ఇద్దరం తుమ్ముతున్నాం. మా అత్తగారికి తగలకుండా మంచం అటు జరిపించాం. అట్ట మధ్యలో పసుపుపచ్చగా ఒక పొర వచ్చింది. గోరుతో గీకి చూశాను. పసుపే. దాని కింద ఎర్రగా కుంకం.

మా తోడికోడలు నా ముఖం చూసింది. నేను దాని ముఖం చూశాను. ప్రతి దసరాకీ బండికి పూజ చేసింది నేనే. నాలుగు చక్రాలకూ, స్టీరింగుకూ, తలుపులకూ బొట్లు పెట్టింది నేనే. గొళ్ళెం దగ్గర కన్నం ఉంటుంది కదా, వేలితో పసుపు ముద్ద నిండుగా అక్కడే అద్దేదాన్ని, బాగా కనపడుతుందని.

“అక్కా, ఇది కూడా బావగారి మీదే వేద్దామా?” అన్నది మా తోడికోడలు.

“వద్దులే. ఆముదం ఒక్కటే చాలు ఆయనకు” అన్నాను.

రాసుకో, దాచను. నా వేలు కూడా ఉంది అందులో. కానీ తలుపు పాడైందని మొత్తుకున్నది నేను, విప్పి చూసింది నేను. నా తప్పు నాకు కనపడింది కూడా నేను విప్పబట్టే.

ముద్దంతా తీసి, కిరసనాయిలుతో కడిగి, చీరముక్కలతో తుడిస్తే లోపల ఇనుము తెల్లగా బయటపడింది. అప్పుడు హ్యాండిలు ఎందుకు ఊరికే ఆడుతోందో తెలిసింది. లోపలి హ్యాండిలు నుంచి గొళ్ళెం దాకా ఒక సన్న కడ్డీ ఉంటుంది. హ్యాండిలు నొక్కితే కడ్డీ లాగుతుంది, కడ్డీ లాగితే గొళ్ళెం నాలుక వెనక్కి పోతుంది. ఆ కడ్డీ చివర పట్టి ఉంచే పిన్ను విరిగిపోయి కడ్డీ కిందికి వేలాడుతోంది. బయటి హ్యాండిలుకు కడ్డీతో పని లేదు, అది నేరుగా గొళ్ళేన్నే నొక్కుతుంది. అందుకే బయటివాళ్ళకు తెరుచుకుంటుంది, లోపలివాళ్ళకు తెరుచుకోదు. ఇంత పిన్ను. నా చిటికెన వేలి గోరంత. ఇంత పిన్ను కోసం నా అత్తగారి కన్ను పోయేది.

అలాంటి పిన్ను ఎక్కడ దొరుకుతుందా అని చూస్తే, పశువుల కొట్టంలో పత్తికి మందు కొట్టే పాత పంపు మూలన పడి ఉంది. దాని పిడికి అచ్చం అలాంటిదే, చీలిక పిన్ను. లాగి తెచ్చి, కడ్డీని కన్నంలోకి ఎక్కించి, పిన్ను దూర్చి, రెండు కొసలూ విడదీసి వంచాను. మిషను నూనె రెండంటే రెండు చుక్కలు వేశాను. మూత బిగించాను. నేను లోపల కూర్చున్నాను, మా తోడికోడలు బయట నుంచి తలుపు మూసింది. హ్యాండిలు నొక్కాను. టక్కున తెరుచుకుంది. మళ్ళీ మూయించాను, మళ్ళీ తీశాను. అలా ఎన్నిసార్లు చేశానో. బయట నిలబడిన మనిషికి విసుగొచ్చి, “అక్కా, అరిగిపోద్ది” అన్నది.

మధ్యాహ్నం మీ తాతయ్య వచ్చాడు. తలుపు చూడలేదు. కాయల్లో పడి ఉన్న చక్రం చూశాడు.

“స్టెప్నీ ఎవరు పీకారు?”

“నేను.”

“నన్నడగకుండా బండి మీద చెయ్యేస్తావా? ఇప్పుడు దాన్ని యాడ పెట్టాలి?”

“ముందు, మీ కాళ్ళ దగ్గర పెట్టుకోండి. మా కాళ్ళ దగ్గర మిరపకాయలు పెట్టుకుని మేం కూర్చోలేదా?”

మరిది గొడుగు తీసుకుని అటు పోయాడు, ఏదో పనున్నట్టు. మీ తాతయ్య అన్నం తినకుండా లేచిపోయాడు. చక్రం చివరికి టాపు మీదికి ఎక్కింది, నాలుగు రోజుల సణుగుడు తర్వాత. ఆముదం సంగతి చెబితే, “ఆముదం వల్ల ఏం కాదు, మా నాన్న పోసేవాడు” అన్నాడు. ఆ అట్టముక్క చేతిలో పెట్టి చూపించాను. వాసన చూసి అవతల పారేశాడు.

శుక్రవారం పొద్దున మా అత్తగారు జీపు దగ్గరికి నడిచి వచ్చింది. ఎక్కలేదు. కళ్ళజోడు పెట్టుకునే తలుపు లోపలివైపు చేత్తో తడిమి, హ్యాండిలు దొరకబుచ్చుకుని, నిలబడే మూడుసార్లు నొక్కి చూసింది. గొళ్ళెం నాలుక వెనక్కి పోవడం రెండో చేతి వేలితో పట్టి చూసింది. అప్పుడు ఎక్కింది. హ్యాండిలు పక్కన తనే కూర్చుంటానన్నది. గుంటూరు దాకా ఆ చెయ్యి దానిమీద నుంచి తియ్యలేదు. ఆస్పత్రి ముందు బండి ఆగగానే, మీ తాతయ్య అలవాటు కొద్దీ దిగి, వెనక్కి తిరిగి వచ్చి, మోకాలు ఎత్తాడు. తలుపు ఆయన మోకాలి దగ్గర దానంతట అది తెరుచుకుంది. మా అత్తగారు కాలు కింద పెట్టి, “జరగరా, దిగాలి” అన్నది కొడుకుతో.

కన్ను బాగుంది. డాక్టరమ్మ కుట్టు చూసి పరవాలేదన్నది. ఆవిడ పోయేదాకా ఆ కంటితో కందిపప్పులో రాళ్ళు ఏరింది.

ఇదంతా అయ్యాక చాలా ఏళ్ళకు జరిగింది ఇంకొకటుంది, అది రాయకపోతే ఇదంతా చెప్పినా చెప్పనట్టే. మీ నాన్న పెళ్ళైన కొత్తలో మీ అమ్మ వాళ్ళ నాన్నగారు వచ్చారు. వియ్యంకుడు, ఆయన్ని వెనక కూర్చోబెట్టరు కదా. మరిది నడిపాడు, వియ్యంకుడు పక్కన. మీ తాతయ్య మొట్టమొదటిసారి వెనక ఎక్కాడు, నా ఎదురుగా, చెక్కబల్ల మీద. గతుకు వచ్చినప్పుడల్లా “అబ్బా” అనుకుంటూ జాలీ పట్టుకున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను. గుంటూరులో స్వీట్ల షాపు ముందు ఆగాం. మీ తాతయ్య ఒక్క వేలితో హ్యాండిలు నొక్కాడు. తలుపు తెరుచుకుంది. దిగి, ప్యాంటు దులుపుకుని, నా వైపు తిరిగాడు.

“చూశావా, ఎంత తేలిగ్గా వచ్చిందో. దీనికా నువ్వు అప్పుడు ఇల్లు పీకి పందిరేసింది?”

వియ్యంకుడు అక్కడే ఉన్నాడు. తలుపు లోపలికి లాగి ఆయన ముఖం మీదే మూశాను. మళ్ళీ హ్యాండిలు నొక్కి, నా తలుపు నేను తీసుకుని దిగాను.

“తెరిచే ఉందిగా, మళ్ళీ మూసి తియ్యడమెందుకే?” అన్నాడు.

ఎందుకో నువ్వు రాసుకున్నావుగా. ఆయన టీ తాగుతున్నాడు అక్కడ. పోయి చదివి వినిపించు.